రాయవేలూరు ఆసుపత్రి – రెండు దేనారాల లెక్క

నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి రాయవేలూరు పేరు చిన్నప్పటినుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పెద్దవాళ్ళు "ఇంక రాయవేలూరుకి తీసుకుపోవాల్సిందే" అనేవాళ్ళు. బస్సు బోర్డుల మీద వేలూరు అని ఉంటుంది గానీ మనవాళ్ళకి అది రాయవేలూరే. "తిరుపతికి మొక్కు తీర్చుకోను పోతాం, రాయవేలూరుకి మొక్కు మొక్కుకుని పోతాం" అని మా అమ్మమ్మ అంటుండేది.

అలాంటి ఊరికి పోయిన చలికాలంలో నేనూ వెళ్ళాను. జబ్బు నాది కాదు, మా ఇంట్లోవాళ్ళదీ కాదు. మా పక్కింటి అక్కయ్యది. గూడూరులో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. పదిహేడేళ్ళుగా ఆ గోడ మీదనుంచి కూర గిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. ఆవిడ క్రైస్తవులు. భర్త పోయారు. ఒక్కగానొక్క కొడుకు కువైట్‌లో ఉన్నాడు. చాలా ఏళ్ళుగా షుగరు. చెప్పులో చిన్న రాయి దూరి బొటనవేలి పక్క వేలు ఒరుసుకుపోతే రెండు రోజులదాకా ఆవిడకి తెలియనే తెలియలేదు. పుండయ్యింది, నల్లబడింది. మా దగ్గర ఒక ఆసుపత్రిలో చూసి, మోకాలి కిందదాకా కాలు తీసేయాలన్నారు. కొడుక్కి సెలవు దొరకడానికి నెల పడుతుంది. పుండు నెల ఆగుతుందా? అందుకని నేనే, "పదండక్కయ్యా, ఒక్కసారి రాయవేలూరులో చూపించుకుని వద్దాం, ఆపైన దేవుడున్నాడు" అన్నాను. మావారు పిల్లవాడి టిఫిను, పాలు, చిట్టీ డబ్బుల సంగతి చూసుకుంటానన్నారు. అలా పన్నెండు రోజుల ప్రయాణం కుదిరింది.

పాలారు దాటితే...

గూడూరునుంచి తిరుపతి, తిరుపతినుంచి చిత్తూరు మీదుగా వేలూరుకి బస్సు. రోగిని తీసుకువెళ్ళేవాళ్ళకి రైలైతే కాట్పాడి స్టేషన్‌లో దిగడం సుళువు. చిత్తూరు దాటాక మామిడి తోటలు, చెరకు తోటలు, మధ్య మధ్య గుండ్రాళ్ళ గుట్టలు. గుడిపాల దగ్గరికి వచ్చేసరికే బోర్డుల మీద మన అక్షరాలు తగ్గి అరవ అక్షరాలు మొదలవుతాయి. కాట్పాడి వచ్చాక పాలారు మీద పొడుగాటి వంతెన. పేరుకే పాలారు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అది దాటితే వేలూరు.

ఆసుపత్రి ఉన్న రోడ్డు పేరు ఇడా స్కడర్ రోడ్డు. ఆ ఎదురుసందుల్లోకి అడుగుపెడితే ఇది తమిళనాడేనా అనిపిస్తుంది. లాడ్జీల బోర్డులు బెంగాలీలో, మెస్సుల బోర్డులు హిందీలో, మందుల కొట్టువాడి నోట తెలుగు! బెంగాల్, జార్ఖండ్, బీహార్, అస్సాం, త్రిపుర... రెండు మూడు రోజులు రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళు. ప్రతివాళ్ళ చంకలో ఒక ఎక్సరే కవరు. ఆ కవర్లని చూస్తుంటే మన కష్టం మనకొక్కరికే కాదని తెలిసి కొంచెం సిగ్గూ, కొంచెం ధైర్యమూ రెండూ కలిగాయి నాకు.

ఒక రాత్రి, మూడు పిలుపులు

ఆ రోడ్డుకి పేరిచ్చిన ఇడా స్కడర్ కథ అక్కయ్యకి చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పారట. ఓ.పీ. బెంచీ మీద కూర్చుని నాకు చెప్పింది. తరువాత నేను కూడా అడిగి, చదివి తెలుసుకున్నాను.

ఇడా 1870 డిసెంబరు 9న ఇక్కడికి దగ్గరలోనే ఉన్న రాణిపేటలో పుట్టింది. అమెరికన్ మిషనరీ డాక్టర్ల కుటుంబం. తాతగారు 1819లోనే అమెరికానుంచి ఓడెక్కి వచ్చిన డాక్టరు. నాన్నగారూ డాక్టరే. చిన్నప్పుడు చూసిన కరువూ, ఆకలీ ఆ పిల్లకి ఈ దేశం మీద ప్రేమకన్నా భయమే ఎక్కువ కలిగించాయి. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలనుకుంది. తల్లికి ఒంట్లో బాగాలేదంటే చూసుకోవడానికి తిండివనానికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు కొట్టారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, మూడో ఆయన ఇంకో హిందూ కులస్థుడు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో ఉన్నారు. "నేను డాక్టర్ని కాదు, మా నాన్నగారు వస్తారు" అంది ఇడా. మగ డాక్టరు మా ఆడవాళ్ళని ముట్టుకోకూడదంటూ ముగ్గురూ వెనక్కి వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఆ తెల్లవారుతో ఆ పిల్ల మనసు మారింది. అమెరికా వెళ్ళి మెడిసిన్ చదివి, 1899లో కార్నెల్ కాలేజీలో డాక్టరు పట్టా తీసుకుంది. ఆ కాలేజీలో ఆడపిల్లలు పట్టా తీసుకోవడం ఆ ఏడాదే మొదలు. న్యూయార్కులో షెల్ అనే బ్యాంకు యజమాని చనిపోయిన తన భార్య పేరు మీద పదివేల డాలర్లు ఇచ్చారు. 1900లో వేలూరులో నాన్నగారి ఇంట్లోనే ఒక మంచంతో వైద్యం మొదలైంది. 1902లో 40 మంచాల ఆసుపత్రి లేచింది.

ఇక్కడ మనం గమనించాల్సిందొకటుంది. ఇడాకి తను ఒక్కతే వైద్యం చేస్తే చాలదని త్వరగానే అర్థమైంది. తనుంటే వేలూరు బతుకుతుంది, మరి పక్క ఊరో? అందుకని 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. అదే రోజుల్లో మోటారు కారు తెప్పించుకుని పల్లెల దారుల పక్కన చెట్ల కింద ఆగి మందులిచ్చేది. 1918లో ఆడపిల్లలకోసం వైద్య పాఠశాల తెరిచింది. ఎవరొస్తారులే అన్న చోట మొదటి ఏడాదే 151 దరఖాస్తులు వచ్చాయట! మగపిల్లలని చేర్చుకున్నది 1947లో. మామూలుగా మగవాళ్ళ కాలేజీలో ఆడపిల్లలకి సీట్లిచ్చారని వింటాం. ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో మగపిల్లలకి చోటిచ్చారు! ఇడా పెళ్ళి చేసుకోలేదు. 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూసింది.

"నా పొరుగువాడెవడు?"

బైబిల్లో మంచి సమరయుడి కథ చాలామంది వినే ఉంటారు. మనల్ని మనం చూసుకున్నట్టే పొరుగువాళ్ళనీ చూసుకోవాలన్న మాట మీద ఒక ధర్మశాస్త్ర పండితుడు ఏసుని అడుగుతాడు, ఇంతకీ నా పొరుగువాడెవడు అని. జవాబుగా ఏసు ఒక కథ చెబుతాడు. ఒకణ్ణి దొంగలు కొట్టి దారిలో పడేశారు. పూజారి చూసి పక్కకి తప్పుకుని పోయాడు. గుడి పనివాడూ అంతే చేశాడు. అందరూ దూరం పెట్టే సమరయ జాతివాడు మాత్రం ఆగాడు. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకుపోయాడు. కథ చెప్పి ఏసు ప్రశ్ననే తిరగేస్తాడు, ఈ ముగ్గురిలో వాడికి పొరుగువాడైంది ఎవరు అని.

ఈ కథ నాకూ తెలుసు. కానీ వార్డులో ఒక సాయంత్రం అక్కయ్య ఒక్క సంగతి ఎత్తి చూపించింది. "చెల్లీ, అందరూ నూనె, కట్టు దాకానే చెబుతారు. మర్నాడు పొద్దున ఏమైందో చెప్పరు. ఆ సమరయుడు సత్రం ఆయనకి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానంటాడు. లెక్క కుదిర్చి వెళ్ళాడమ్మా!"

దేనారమంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి డబ్బు, పైన ఖాతా. నాకా మాట మనసులో నాటుకుపోయింది. ఎందుకంటే జాలి పడటం మనందరికీ తెలుసు. కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కూడా తెలుసు. మర్నాడు మందు ఎవరు తెస్తారు, ఎవరు కాపలా ఉంటారు, డబ్బు చాలకపోతే ఎక్కడినుంచి వస్తుంది అనే లెక్క వేసేవాళ్ళే తక్కువ. నెల బడ్జెట్ వేసే ఆడవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రేమ నాలుగు రోజులు నిలబడాలంటే దానికి లెక్క ఉండాలి.

రాయవేలూరు ఆసుపత్రిలో నేను చూసింది ఆ లెక్కనే. అక్కడ వైద్యం అంతా ఉచితం అనుకుని వెళ్ళకండి. జనరల్ ఓ.పీ., ప్రైవేటు ఓ.పీ. అని రెండు ఉంటాయి. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు. అందులో మిగిలింది ఇవ్వలేనివాళ్ళ వైద్యానికి పోతుంది. సంస్థ లాభం పంచుకునేది కాదు. ఇక్కడి డాక్టర్లు బయట సొంత ప్రాక్టీసు పెట్టుకోరు. సంఘాలు పంపగా చదువుకున్న పిల్లలు చదువయ్యాక రెండేళ్ళు మారుమూల మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలి. సేవ చేయించుకోవడానికి రాలేదు, చేయడానికే వచ్చాం అనే అర్థం వచ్చే మాట ఆ సంస్థ ధ్యేయం. ఊళ్ళోని పేదలకోసం 1982నుంచి తక్కువ ఖర్చుతో చూసే యూనిట్ ఒకటి వేరే నడుస్తోంది. కె.వి. కుప్పం వైపు పల్లెలకోసం 1977నుంచి 'రుహ్సా' అనే కేంద్రం ఉంది.

అక్కయ్య దగ్గరున్న డబ్బు అనుకున్న ఖర్చులో సగానికే సరిపోయేట్టుంది. కొడుకు కొంత పంపాడు. అయినా చాలదు. ఆవిడ మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టబోయింది. ఈలోపు వార్డులో సోషల్ వర్కరు అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. ఇల్లు సొంతమా, పింఛను వస్తుందా, కొడుకు ఎంత పంపుతాడు, మీతో వచ్చినావిడ ఏమవుతుంది అని నెమ్మదిగా అడిగి రాసుకుంది. "పక్కింటావిడ" అంటే ఒక్క నిమిషం నావంక చూసి నవ్వింది. కులం అడగలేదు, ఏ సంఘం అని కూడా అడగలేదు. మూడో రోజు బిల్లులో కొంత తగ్గించి రాశారు. పూర్తిగా కాదు, గొలుసు అమ్మక్కర్లేనంత.

నొప్పి తెలియని కాలు

ఇప్పుడు మా ఆడవాళ్ళందరూ జాగ్రత్తగా చదవాల్సిన సంగతి చెబుతాను. అక్కయ్య కాలు చూసిన డాక్టరు మొదట అడిగింది పుండు గురించి కాదు. నైలాన్ దారంలాంటి సన్నటి పుల్లతో పాదం మీద అక్కడక్కడా గుచ్చుతూ, కళ్ళు మూసుకుని తెలిసినప్పుడు చెప్పమన్నారు. పది చోట్ల గుచ్చితే అక్కయ్య మూడు చోట్లే చెప్పింది. నేను చూస్తూ ఉన్నాను, నాకు ఒళ్ళు జలదరించింది.

ఈ పరిజ్ఞానం వెనక వేలూరులోనే జరిగిన ఒక పెద్ద కథ ఉంది. పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు. 1946లో వేలూరు వచ్చాడు. ఆ రోజుల్లో కుష్టు వస్తే వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయనే నమ్మకం. ఆ రోగులని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. బ్రాండ్ దగ్గర కూర్చుని, వాళ్ళు పనిచేసే తీరు గమనించాడు. జబ్బు నరాలని దెబ్బతీసి నొప్పి తెలియకుండా చేస్తోంది, వేడి గిన్నె పట్టుకున్నా, మేకు గుచ్చుకున్నా వాళ్ళకి తెలియడంలేదు, ఆ గాయాలే ముదిరి వేళ్ళు పోతున్నాయి అని తేల్చాడు. కొందరికి రాత్రికి రాత్రే వేళ్ళు తగ్గుతుంటే, కాపలా పెట్టి చూస్తే నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని బయటపడింది! అప్పటినుంచి ఇంటికి వెళ్ళే రోగులకి ఒక్కో పిల్లిని ఇచ్చి పంపేవాళ్ళట. మందుల చీటీలో పిల్లి! అదీ వైద్యమే కదా మరి.

1948లో ఆయన వంగిపోయిన చేతివేళ్ళని ఆపరేషన్‌తో సరిచేయడం మొదలుపెట్టాడు. చేతులు బాగైనవాళ్ళకి బతుకుతెరువు కూడా కావాలని వడ్రంగం, బొమ్మల పని నేర్పించారు. పాదాలకోసం మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు తయారుచేశారు. 1955లో దగ్గరలో కరిగిరిలో కుష్టు పరిశోధనకి ప్రత్యేక కేంద్రం వచ్చింది. అక్కడ నేర్చుకున్న ఆ పాద సంరక్షణే ఈ రోజు షుగరు రోగుల కాళ్ళనీ కాపాడుతోంది. అందరూ వెలివేసినవాళ్ళ పాదాల దగ్గర కూర్చున్న పుణ్యం, డెబ్బై ఏళ్ళ తరువాత మా అక్కయ్య పాదానికి అందింది.

డాక్టర్ మేరీ వర్గీస్ కథ ఇంకొకటి. ఈవిడ వేలూరులోనే చదివిన డాక్టరు. 1954లో వాహన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. విదేశాలకి వెళ్ళి అవిటితనం వచ్చినవాళ్ళని మళ్ళీ నిలబెట్టే వైద్యం నేర్చుకుని వచ్చింది. 1966లో అలాంటివాళ్ళకోసం వేలూరులో కేంద్రం తెరిచారు. 1972లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. కుర్చీలో ఉన్న డాక్టరమ్మే వచ్చి "లే, కూర్చో" అంటే ఏ రోగి మాత్రం పడుకుని ఉంటాడు చెప్పండి?

అక్కయ్యకి నల్లబడిన ఆ ఒక్క వేలు తీశారు. పుండు శుభ్రం చేశారు. కాలు నిలిచింది. ఆ మాట డాక్టరు నోట విన్నప్పుడు ఆవిడ ప్రార్థన చేసుకుంది, నేను మా వెంకన్నకి దండం పెట్టుకున్నాను. అక్కడి నర్సమ్మ ఇద్దరికీ కలిపి నేర్పినవి ఇవి:

రోజూ రాత్రి పడుకునేముందు పాదాల అడుగుభాగం చూసుకోవాలి. కనబడకపోతే కింద అద్దం పెట్టుకోవాలి. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగకూడదు. చెప్పులు వేసుకునేముందు తిరగేసి దులపాలి. కాళ్ళమీద వేడినీళ్ళు పోసుకునేముందు మోచేత్తో చూసుకోవాలి. గోళ్ళు మూలలు గుండ్రంగా కాకుండా తిన్నగా కత్తిరించాలి. ఆనెలని బ్లేడుతో కోసుకోవద్దు. నొప్పిలేని పుండుని చిన్నదిగా చూడవద్దు, నొప్పి లేకపోవడమే ప్రమాదం.

పుండు సంగతి వింటూ నేను ఇంకోటి అనుకున్నాను. నొప్పి తెలియని కాలుని ఆ కాలు మనది కానట్టే నిర్లక్ష్యం చేస్తాం. వీధిలో పక్కింటి నొప్పి మన దాకా రాకపోతే ఆ వీధికి పట్టిన జబ్బూ అలాంటిదే.

లాడ్జీ వంటింట్లో

రాయవేలూరులో లాడ్జీవాళ్ళు గదితోపాటు గ్యాసు స్టవ్వు, గిన్నెలు కూడా అద్దెకిస్తారు. హోటలు తిండి రోగికీ, మన పర్సుకీ రెండింటికీ పడదు కాబట్టి చాలామంది వండుకుంటారు. మేమున్నచోట వరండాలో వరసగా నాలుగు స్టవ్వులు. సాయంత్రమయ్యేసరికి ఒకదాని మీద ఆవనూనె ఘాటు, ఒకదాని మీద మా చింతపండు చారు వాసన.

మా పక్క గదిలో ముర్షిదాబాదునుంచి వచ్చిన ముస్లిం దంపతులు. నాలుగేళ్ళ బాబుకి గుండె ఆపరేషన్. ఆ తల్లికి నా హిందీ రాదు, నాకు ఆవిడ బెంగాలీ రాదు. అయినా మాట్లాడుకున్నాం. నేను మందులకి వెళితే ఆవిడ అక్కయ్య దగ్గర కూర్చునేది. బాబుకి రక్తం కావాలన్న రోజు, తండ్రిని తీసుకుని చిత్తూరునుంచి వచ్చిన ఒక కుర్రాడు అడక్కుండానే లేచి వెళ్ళి ఇచ్చాడు. అక్కయ్య మంచంమీదనుంచే ఆ బాబు పేరు పెట్టి రోజూ ప్రార్థన చేసేది. ఆవిడ తస్బీ తిప్పుకుంటూ కూర్చునేది. వరండాలో స్టవ్వులు నాలుగైనా భయం మాత్రం అందరిదీ ఒక్కటే కదా.

ఆ తల్లి నాకు నేర్పిన పప్పు రాస్తున్నాను, షుగరువాళ్ళకి కూడా బాగుంటుంది. ఒక గ్లాసు మైసూర్‌పప్పు కడిగి, మూడు గ్లాసుల నీళ్ళు, పసుపు వేసి మెత్తగా ఉడికించాలి. మూకుట్లో రెండు చెంచాల ఆవనూనె బాగా కాగనిచ్చి ఒక ఎండుమిరపకాయ, వాళ్ళు పాంచ్ ఫోడన్ అనే తాలింపు ఒక చెంచా వేయాలి. పాంచ్ ఫోడన్ అంటే ఏమీ లేదు, ఆవాలు, మెంతులు, జీలకర్ర, సోంపు, నల్లజీలకర్ర సమంగా కలిపినదే. చిటపటలాడాక పచ్చిమిరపకాయ చీలికలు, ఒక టమాటా వేసి మగ్గించి పప్పులో కలపాలి. ఉప్పు వేసి రెండు పొంగులు రానిచ్చి దించేయాలి. పోపులో ఇంగువ వేయరు. ఆవనూనె అలవాటు లేకపోతే మన వేరుశనగ నూనె వేసుకోవచ్చు. బదులుగా నేనావిడకి చారు పెట్టడం నేర్పాను. చింతపండు పులుసుకి ఆవిడ కళ్ళు చికిలించుకుని, మళ్ళీ గ్లాసు చాపింది!

అక్కయ్యకి నిద్ర పట్టిన ఒక మధ్యాహ్నం నేను కోటకి వెళ్ళి వచ్చాను. ఆసుపత్రినుంచి దగ్గరే. చుట్టూ నీళ్ళ కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి. విజయనగర కాలం నాటి కల్యాణ మండపంలో రాతి గుర్రాలు చూసి తీరాలి. ఎన్నో ఏళ్ళు ఆ గుళ్ళో దేవుడు లేడు. 1981లో మళ్ళీ ప్రతిష్ఠించారు. అదే కోట గోడల్లోపల చర్చి ఉంది, మసీదూ ఉంది. 1806 జూలైలో కంపెనీ సిపాయిలు తిరగబడింది కూడా ఈ కోటలోనే. గుడి మెట్ల మీద కూర్చుంటే ఆసుపత్రి కవర్లు పట్టుకున్నవాళ్ళు చాలామంది కనబడ్డారు. పరీక్ష ఫలితం సాయంత్రానికి వస్తుందంటే ఈలోపు దేవుడి దగ్గరికి వచ్చినవాళ్ళు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

పాత చీటీలు, ఎక్సరేలు తేదీల వరసలో పెట్టుకుని వెళ్ళండి. జనం విపరీతం, ఓ.పీ.లో గంటలకొద్దీ కూర్చోవాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. స్టేషన్‌లో, రోడ్డుమీద "నేను త్వరగా చూపిస్తాను" అనేవాళ్ళ మాట వినకండి, ఆసుపత్రి కౌంటరులోనే అడగండి. ఇచ్చిన నంబరు ఒక నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి, అన్నిటికీ అదే కావాలి. దుప్పటి, కొబ్బరినూనె, పప్పుపొడి, ఊరగాయ, ఒక చిన్న కత్తి పీట తీసుకువెళితే హోటలు బాధ తప్పుతుంది. డబ్బు ఇబ్బంది ఉంటే దాచుకోకుండా మొదటిరోజే చెప్పండి. చిత్తూరు వైపువాళ్ళకి గుడిపాల మండలంలోనే ఆ సంస్థ ఆసుపత్రి ఒకటి ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, రోగికి తోడు ఒక్కళ్ళయితే వాళ్ళే రెండో రోగి అయిపోతారు. తొమ్మిదో రోజుకి నా నడుమూ అలాగే పట్టేసింది. మా వీధిలో ఇంకో ఇద్దరు వంతులవారీగా వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఊరికి వచ్చాక ఆ మాటే మా నలుగురు ఆడవాళ్ళం కూర్చుని అనుకున్నాం. అక్కయ్య వాళ్ళ చర్చిలో ఒక పాత అలవాటుంది. పూటా వంటకి బియ్యం కొలిచినప్పుడు ఆడవాళ్ళు అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారానికోసారి ఆ బియ్యం చర్చికిచ్చి, వచ్చిన డబ్బుతో ఎవరికైనా సాయం చేస్తారు. ఎవరింట్లోనూ ఆ గుప్పెడు తగ్గినట్టు తెలియదు. అదే మేమూ మొదలుపెట్టాం. చర్చికి వెళ్ళేవాళ్ళం ఒకరు, గుడికి వెళ్ళేవాళ్ళం ముగ్గురం. ఏ పూటా డబ్బా అక్కయ్య వంటింట్లోనే ఉంటుంది. బియ్యం అమ్మిన డబ్బు ఒక పుస్తకంలో రాస్తున్నాం. ఎవరింట్లో ఎవరు ఆసుపత్రికి వెళితే ఎవరు తోడు వెళ్ళాలి, ఎవరు ఆ ఇంటికి అన్నం పంపాలి అని వరస కూడా రాసుకున్నాం.

మొన్న చివరింటి ముసలమ్మకి కంటి ఆపరేషన్‌కి ఆటో డబ్బులు అందులోంచే ఇచ్చాం. తోడు వెళ్ళింది మూడో ఇంటి కొత్తకోడలు. పుస్తకంలో ఆ లెక్క రాసింది అక్కయ్యే. ఇప్పుడావిడ మెత్తటి రబ్బరు చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళి వస్తోంది, ప్రతిసారీ ముందు తిరగేసి దులుపుకుని మరీ.